మధ్యలో పిలవకండి

మగవాళ్ళు రిటైరయ్యాక ఇల్లాలికి రెండు గండాలుంటాయి. మొదటిది, వాళ్ళు వంటింట్లోకొచ్చి పోపులపెట్టె సర్దడం. రెండోది, ఏదో ఒక యంత్రం కొనడం. మావారు మొదటిది నెలరోజుల్లో పూర్తిచేసి (ఆవాలకోసం నేనిప్పటికీ మూడు డబ్బాలు మూత తీసి చూస్తూ ఉంటాను) రెండోదాంట్లోకి దిగారు.

ఒకనాటి మధ్యాహ్నం పెద్ద అట్టపెట్టె వచ్చింది. అందులో అల్యూమినియం కమ్మీలు, మరలు, మోటార్లు, సంచీడు నట్లూ బోల్టులూ. వారంరోజులు వెనక బాల్కనీలో కూచుని బిగించారు. బట్టలారేసే తీగ నా చేతికందకుండా పోయింది.

"ఏవిటండీ ఇది?" అన్నాను.

"సీఎన్‌సీ మిషను. చెక్కమీద మనకేం కావాలంటే అది చెక్కుతుంది."

"ఎవరు చెక్కుతారు?"

"అదే చెక్కుతుంది."

"మరి మీరేం చేస్తారు?"

"చూస్తాను."

ఇంట్లో పనులు జరుగుతూంటే చూడడంలో ఆయనకి ముప్ఫైఎనిమిదేళ్ళ అనుభవం ఉంది. అందుకని నేనింకేమీ మాట్లాడలేదు.

మీకు తెలిసే ఉండొచ్చు గాని, తెలియనివాళ్ళకోసం చెబుతాను. ముగ్గు వేసేటప్పుడు మన చెయ్యేం చేస్తుంది? కుడికీ ఎడమకీ వెళ్తుంది. ముందుకీ వెనక్కీ వెళ్తుంది. పిండి రాలక్కర్లేని చోట పైకి లేస్తుంది. ఈ మిషనుకున్న మూడు మోటార్లు చేసేవి సరిగ్గా ఆ మూడు పనులే. ముగ్గుపిండి బదులు గిర్రున తిరిగే సన్నటి మొన ఉంటుంది. ఎటు ఎంత జరగాలో, ఎంత లోతు దిగాలో వరసగా రాసిన చీటీ ఒకటుంటుంది. దాన్ని జీకోడ్ అంటారు. మనం ముగ్గుల పుస్తకంలో "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేదాకా" అని రాసుకోమూ? అలాంటిదే. కాకపోతే మనకి ఒక్క వాక్యం చాలు, దానికి వేల వరసలు కావాలి.

ఇదేదో నిన్నా మొన్నా పుట్టిన విద్యేమీ కాదుట. మా పెద్దక్క అత్తవారిది ధర్మవరం. అక్కడ మగ్గాలమీద చిల్లులు పెట్టిన అట్టముక్కలు దండలా వేళ్ళాడుతూంటే, ఇవెందుకా అనుకునేదాన్ని. ఏ పోగు లేవాలో, ఏది లేవకూడదో ఆ చిల్లులే చెబుతాయి. అలా చీర అంచుమీదికి హంసలొస్తాయి. ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన 1804 ప్రాంతంలో రూపుదిద్దిన పద్ధతి అది. ఆ తరవాత 1952లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో, లోహాన్ని చెక్కే యంత్రాన్ని చిల్లుల కాగితప్పట్టీతో నడిపించి చూపించారు. ఇప్పుడా పట్టీ స్థానంలోకి కంప్యూటరు వచ్చింది.

మా ఇంట్లో గొడవంతా ఆ కంప్యూటరు దగ్గరే మొదలైంది.

"అరవైవేలు పెడితే మంచిదొస్తుంది," అన్నారు మావారు, అదేదో అరవై రూపాయల సంగతైనట్టు.

మిషనే పద్ధెనిమిదివేలు. "పద్ధెనిమిదివేల గేదెకి అరవైవేల పలుపుతాడా?" అన్నాను.

"నీకు తెలీదు. మిషను పని చాలా నాజూకు. కంప్యూటరు గట్టిది ఉండాలి."

మామూలుగానైతే ఇలాంటి వాదాల్లో నేను కాసేపు గొణిగి ఊరుకుంటాను. ఈసారి ఊరుకోలేకపోవడానికి నాకో కారణం ఉంది.

తెనాల్లో మా పుట్టింటిని అమ్మేశారు. కొన్నవాళ్ళు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నారు. పడగొట్టేటప్పుడు మా తమ్ముడు వెళ్ళి వీధిగుమ్మం తలుపులోంచి ఒక టేకు ముక్క కోయించి తెచ్చి నాకిచ్చాడు. అడుగు పొడవు, ఏడంగుళాల వెడల్పు. ఓ మూల పాత మేకు చిల్లు. దానితోపాటు అమ్మ ముగ్గుల పుస్తకం కూడా తెచ్చాడు. పుస్తకమంటే అచ్చు పుస్తకం కాదు. 1968వ సంవత్సరపు డైరీ. నాన్నగారికి ఆఫీసులో ఇస్తే ఆయన రాయలేదు, అమ్మ ముగ్గులతో నింపింది.

తొమ్మిదిమంది ఉన్న ఇంట్లో అమ్మకంటూ ఉన్నది, తెల్లవారుజామున ముగ్గు వేసే ఆ అరగంటే. అప్పటికి ఎవరూ లేవరు కనక ఎవరూ పిలవరు. తరవాత రాత్రి దీపాలార్పేదాకా ఆవిడ పేరు ఇంట్లో మోగుతూనే ఉండేది.

ఆ తలుపు ముక్కమీద అమ్మ ముగ్గు చెక్కిస్తే ఎలా ఉంటుందీ అని నోరు జారాను. మావారి మొహం మతాబులా వెలిగింది. అప్పుడు నాకు భయం పట్టుకుంది. చెక్క ఒక్కటే. పాడైతే ఇంకో గుమ్మం లేదు, ఇంకో తలుపూ లేదు.

పూనాలో ఉన్న మా అబ్బాయికి ఫోను చేశాను. వాడు కంప్యూటర్ల పనే చేస్తాడు.

"అమ్మా, ముందు కంప్యూటరు చెయ్యాల్సిన పనేవిటో తేల్చుకోండి. ఖరీదు సంగతి తరవాత," అన్నాడు. వాడు చెప్పింది నాకెలా అర్థమయిందో అలా చెబుతాను.

ఇలాంటి మిషన్లని నడపడానికి రెండు దారులున్నాయి. మొదటి దారిలో మోటారు వేసే ప్రతి అడుగూ కంప్యూటరే వేయిస్తుంది. ఈ మోటార్లు మామూలు ఫ్యాన్ల మోటార్లలా తిరగవు. ఒక చుట్టుకి 200 అడుగులు చొప్పున లెక్కపెట్టుకుంటూ నడుస్తాయి. అడుక్కొక సైగ. సెకనుకి వేలకొద్దీ సైగలు, ఒకదాని వెనకొకటి తాళం తప్పకుండా అందాలి. దీనికి పాత డెస్కుటాపుల వెనక ప్రింటరుకోసం ఉండే వెడల్పాటి సాకెట్టు వాడతారు. లినక్స్ సీఎన్‌సీ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాము ఒకటుంది. దాన్ని నమ్ముకునేముందు ఆ కంప్యూటరు ఎంత ఆలస్యం చేస్తుందో పరీక్షపెట్టి చూడమంటారు. ఆలస్యం సెకనులో పదిలక్షలో వంతుల లెక్కన 20 లోపుంటే బ్రహ్మాండం. 100 దాటితే ఆ పనికి అది పనికిరాదు.

చిత్రమేవిటంటే, ఈ పరీక్షలో ఖరీదైన కొత్త లాప్‌టాప్ తప్పి, మూలపడిన పాత డెస్కుటాప్ నెగ్గడం మామూలేనట. లాప్‌టాపుకి బుద్ధి ఒకచోట ఉండదు. పని మధ్యలో బ్యాటరీ ఎంతుందో చూసుకుంటుంది, ఒళ్ళు వేడెక్కిందేమో తడుముకుంటుంది. అదెంత తెలివైనదైనా సరే, ఆ క్షణానికి అందాల్సిన సైగ అందదు.

నాకు వెంటనే పెళ్ళిపంక్తి గుర్తొచ్చింది. వడ్డించేవాడికి వంట రానక్కర్లేదు. విస్తట్లో అన్నం పడగానే పప్పు వెయ్యడానికి అక్కడుండాలి, అంతే. వాడు నలభీముడే అయినా, మధ్యలో ఎవరో పిలిస్తే పెరట్లోకి వెళ్ళిపోతే మన విస్తరి సంగతేంకాను?

రెండో దారిలో మిషను దగ్గరే ఒక చిన్న బోర్డు ఉంటుంది. దానిలో గర్బుల్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంటుంది, 2009లో మొదలైందిట. ఆ బోర్డుమీద చిప్పులో ప్రోగ్రాముకుండే చోటు 32 కిలోబైట్లు. మీ ఫోనులో ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. అయినా మోటార్లకి తాళం వేసే పని అదే చూసుకుంటుంది. దానికి ఇంకో పని లేదు మరి! పదహారు కదలికలదాకా ముందు చూసుకుని, ఎక్కడ మెల్లగా తిరగాలో లెక్క కట్టుకుంటుంది. కంప్యూటరు చెయ్యాల్సిందల్లా చీటీలో వరసలు ఒక్కొక్కటే అందిస్తూ ఉండడం.

"మనది ఈ రెండోరకం మిషనే నాన్నా. దీనికి అరవైవేలదేం అక్కర్లేదు, ఏదైనా చాలు," అని తేల్చాడు వాడు. "బొమ్మ తయారుచేసుకోవడానికి హాల్లో ఉన్న కంప్యూటరు చాలు. అక్కడ చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళండి. ఆ కంప్యూటర్ని మాత్రం మిషను దగ్గర పెట్టకండి. రంపప్పొట్టు దాని ఫ్యాన్లోకి వెళ్తుంది."

"ఏదైనా" అన్నాడు కదా అని, మావారు అటకెక్కి వాడి కాలేజీనాటి లాప్‌టాప్ దింపారు. దమ్మిడీ ఖర్చు లేదు. నేనూ సంతోషించాను. టేకుచెక్క బీరువాలో పెట్టి, పళ్ళబుట్టల చెక్కమీద ముందు మచ్చు చూడమన్నాను.

మొదటిరోజు అరగంట బాగానే నడిచింది. తరవాత ఎవరూ తాకకపోయేసరికి లాప్‌టాప్ నిద్రపోయింది. వరసలు అందించేవాళ్ళు లేక మిషను ఉన్నచోటే ఆగిపోయింది గాని, మొన తిరుగుతూనే ఉంది. ఒకేచోట రాపిడికి చెక్క మాడి నల్లటి గుంట పడింది. వసారాలో హోమం చేసినట్టు పొగ!

నిద్రపోకుండా మార్పు చేశారు. రెండోరోజు ముప్పాతికవంతు అయ్యాక, అది తనంతట తను అప్‌డేట్ చేసుకుంటానని ఆరిపోయి మళ్ళీ వెలిగింది.

మూడోరోజు కొబ్బరిపచ్చడికి నేను మిక్సీ వేశాను. మిషనుకీ లాప్‌టాపుకీ మాటలు తెగిపోయాయి.

"మిక్సీ ఎందుకు వేశావు?" అని వచ్చారు.

"పచ్చడి ఎందుకు కావాలన్నారు?" అన్నాను.

దోషం మిక్సీదీ కాదు, పచ్చడిదీ కాదుట. మిక్సీ మోటారు పుట్టించే విద్యుత్తు రొద తీగల్లోంచి వెళ్ళి యూఎస్‌బీ మాటని చెడగొడుతుందిట. నాసిరకం పొడుగు వైరైతే మరీనూ.

ఇక్కడ మీకో సందేహం రావచ్చు. ఆగితే ఆగింది, మళ్ళీ అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చుగా? అదే చిక్కు. ఈ మిషనుకి కళ్ళు లేవు. రాత్రి కరెంటు పోయినప్పుడు మంచం దగ్గర్నించి తలుపుదాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్తామే, అలా నడుస్తుంది. లెక్క మధ్యలో ఎవరో పలకరించారనుకోండి, ఎన్నో అడుగులో ఉన్నామో తెలీదు. ధైర్యంగా ముందుకెళ్ళి గోడకి గుద్దుకుంటాం. మిషను కూడా అంతే. తప్పానని దానికి తెలీదు. ఎంతో శ్రద్ధగా, తప్పుచోట చెక్కుకుంటూ పోతుంది.

మూడు చెక్కలు పొయ్యిలోకి తప్ప పనికిరాకుండా పోయాక నేను బీరువా తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. "ఈ చెక్క మీ చేతికి రావాలంటే కంప్యూటరు నేను ఎంచుతాను," అన్నాను.

సికిందరాబాదులో పార్క్ లేన్ దగ్గర చినాయ్ ట్రేడ్ సెంటరు మీరు చూసే ఉంటారు. కొత్తా పాతా అన్నిరకాల కంప్యూటర్లూ అక్కడ కూరగాయల్లా పోసి అమ్ముతారు. ఒక దుకాణంలో కుర్రాడు నన్ను చూసి, "మనవడికా మేడమ్? గేములు ఆడతాడా?" అన్నాడు.

"గేములూ వద్దు, సినిమాలూ వద్దు నాయనా. చెప్పినమాట వింటూ, మధ్యలో లేచిపోకుండా మూడు గంటలు కూచోవాలి. అలాంటిదుందా?"

"అలాంటివి పాతవే మేడమ్," అన్నాడు వాడు. వాణ్ణి చూస్తే ముచ్చటేసింది.

విండోస్ 10కి కంపెనీవాళ్ళ అండ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. కొత్తది చాలా పాత కంప్యూటర్లమీదికి ఎక్కదు. అందుకని ఆఫీసులు నిక్షేపంలాంటివాటిని వదిలించుకుంటున్నాయని వాడే చెప్పాడు. పనికొచ్చేవాళ్ళని వయసు చూసి ఇంటికి పంపడం మనుషులకే అనుకున్నాను, యంత్రాలకీ తప్పలేదన్నమాట. మావారు ఎందుకో గొంతు సవరించుకున్నారు.

సంబంధం చూసినంత జాగ్రత్తగా చూశాను. లోపల గిరగిరా తిరిగే హార్డ్ డిస్కు వద్దు, ఎస్‌ఎస్‌డీ కావాలన్నాను. మిషను నడుస్తూంటే బల్లంతా వణుకుతుంది కదా, కదిలే భాగం లేనిదైతే బెంగ లేదు. మూత విప్పించి ఫ్యాను తిరుగుతోందా, దుమ్ము పట్టిందా అని చూశాను. వెనక యూఎస్‌బీ సాకెట్టు వదులుగా ఉందేమో పెట్టి తీసి చూశాను. దానికి బ్యాటరీ లేదు, మూత వేస్తే నిద్రపోయే గుణం లేదు, ఒంటిమీద ఏదో ఆఫీసు అంటించిన నంబరు చీటీ ఉంది. మానిటరుతో కలిపి అయిదువేల ఎనిమిదివందలకి బేరం కుదిరింది. కొసల్లో నల్లటి బుడిపెలున్న పొట్టి యూఎస్‌బీ వైరు ఒకటి, చిన్న యూపీఎస్ ఒకటి విడిగా కొన్నాం. కరెంటు పోతే కంప్యూటరొక్కటే బతికి లాభం లేదు, మిషనుకి కూడా యూపీఎస్ నించే ఇవ్వమన్నాడు మావాడు.

ఫోనులో వాడు చెబుతూంటే మావారు దానిలో ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించారు. ఇంటర్‌నెట్టు ఇవ్వలేదు. ఇక అప్‌డేట్లంటూ పిలిచేవాళ్ళు లేరు. కంప్యూటర్ని బాల్కనీ కిటికీకి ఇవతల, గదిలో పెట్టాం. వైరు ఊచల్లోంచి వెళ్తుంది, పొట్టు ఇవతలికి రాదు. నాలుగు పళ్ళబుట్టల చెక్కలమీద వరసగా నాలుగు ముగ్గులు చెక్కింది. మిక్సీ వేసి కూడా చూశాను. అది ఉలకలేదు, పలకలేదు.

అప్పుడు బీరువా తీశాను.

డైరీలో నేనెంచుకున్నది మెలికల ముగ్గు. దాన్ని ఫోటో తీసి, హాల్లో కంప్యూటరుమీద మావారు గీతలు తిరగరాశారు. రెండు సాయంత్రాలు పట్టింది. మూడోనాడు పిలిచి, "ఇదిగో, మీ అమ్మగారు ఇక్కడ ఒక మెలిక తప్పారు. చుక్కకి లోపల్నించి రావాల్సింది బయటినించి వచ్చింది. ఒక్క నిమిషం, సరిచేసేస్తాను," అన్నారు.

డైరీ పట్టుకొచ్చి వెలుతుర్లో చూశాను. ఆ మెలిక మధ్యలో సిరా చిన్న బొట్టులా ఊరింది. అక్కడ కలం ఆగిపోయింది. తరవాత మళ్ళీ మొదలైన గీత చుక్కకి అవతలివైపునించి వెళ్ళింది. నాకు తెలిసి మా అమ్మ నేలమీద వేసిన ముగ్గులో చుక్క తప్పగా చూడలేదు. అవి తెల్లవారుజాము ముగ్గులు. డైరీలోవి మధ్యాహ్నాలు, అందరి భోజనాలూ అయ్యాక వేసుకున్నవి.

ఎవరో పిలిచారు. కలం పక్కన పెట్టి వెళ్ళి వచ్చింది.

1968లో నాకు ఆరేళ్ళు. ఆ ఇంట్లో "అమ్మా" అని అందరికంటె ఎక్కువసార్లు పిలిచేదాన్ని నేనే. దాహమనో, జడ ఊడిందనో, తమ్ముడు గిచ్చాడనో. ఇప్పుడెంత ఆలోచించినా ఎందుకు పిలిచానో గుర్తు రాదు. గుర్తుంచుకోవాల్సినంత పనై ఉండదు.

"సరిచెయ్యకండి. ఎలా ఉందో అలాగే చెక్కించండి," అన్నాను.

ఆయన నా మొహం చూసి, ఎందుకని అడగలేదు.

ఆదివారం పొద్దున్న టేకుచెక్కని మిషనుమీద బిగించాం. వీధిగంట తీగ ఊడదీశాం. ఫోన్ల నోళ్ళు నొక్కాం. కంప్యూటరుమీద మావారు పెద్దక్షరాలతో ఒక కాగితం అంటించారు: "పని నడుస్తోంది. మధ్యలో పిలవకండి." పిలవడానికి ఇంట్లో ఉన్నది మేమిద్దరమే అయినా.

రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. ఆయన ఒక స్టూలుమీద, నేనొక పీటమీద. వంట లేదు. మాటలు లేవు. టేకు పొట్టు వాసన, మా తెనాలి ఇంట్లో వర్షాకాలంలో తలుపులు ఉబ్బినప్పుడు చిత్రిక పట్టిస్తే వచ్చేదే, బాల్కనీ అంతా నిండింది. మొన ఒక్కో చుక్కనీ చుట్టుకుంటూ వచ్చి, ఆ మెలిక దగ్గరికి చేరింది. నేను ఊపిరి బిగబట్టాను. దానికేం తెలుసు, ఎక్కడా ఆగకుండా, చీటీలో ఉన్నట్టే చుక్కకి బయటినించి వెళ్ళి, మళ్ళీ దారిలో పడింది. మా అమ్మ ఎలా వెళ్ళిందో అలాగే.

ఇప్పుడది మా గుమ్మం పక్కన ఉంది. వచ్చినవాళ్ళందరూ బాగుందంటారు. కింది ఫ్లాటు పిన్నిగారొక్కరే కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఒక చుక్క దగ్గర తప్పినట్టుందమ్మా," అన్నారు. "తప్పలేదు పిన్నిగారూ, పిలిచారు," అన్నాను. ఆవిడ నాకేసి ఒక నిమిషం చూసి, "అవునమ్మా, పిలుస్తారు," అని వెళ్ళిపోయారు.

ఆ కంప్యూటరుమీది కాగితం పని అయ్యాక ఊడదీస్తూంటే నేనడిగి పుచ్చుకున్నాను. అయిదువేల ఎనిమిదివందల యంత్రానికి మూడు గంటలపాటు ఎవరూ పిలవకుండా ఇల్లంతా ఊపిరి బిగబట్టాం కదా, నాకు రోజుకో గంట అడిగితే తప్పేవిటనిపించింది. పడగ్గదిలో కిటికీ దగ్గర బల్ల వేయించుకున్నాను. మధ్యాహ్నం మూడునించి నాలుగుదాకా. తలుపుకి ఆ కాగితమే.

మొదటి రెండురోజులూ బాగానే నడిచింది. ఇది రాస్తున్నది మూడోరోజు. ఇప్పుడే తలుపవతల అడుగుల చప్పుడైంది. కాసేపు నిశ్శబ్దం. కాగితం చదువుతున్నట్టున్నారు. తరవాత చిన్న దగ్గు.

"ఇదిగో... పిలవడం కాదు గానీ... ఆవాలు ఏ డబ్బాలో ఉన్నాయి?"

నేను కలం ఆపలేదు. సర్దింది ఆయనేగా, వెతుక్కోనివ్వండి.